ఎడమ సీటు

మంగళవారం సాయంత్రం ఆరింటికి
నోర్లేన్ లైబ్రరీ వెనక తెల్ల యారిస్.
ముందొకటి, వెనకొకటి పసుప్పచ్చ ఎల్ పలకలు.
నోలీన్ తాళాలిస్తుంది, ఒక పుస్తకమూ ఇస్తుంది.
అందులో నూట ఇరవై గంటలు నిండాలి.
నిండకపోతే పరీక్ష లేదు,
పరీక్ష లేకపోతే అవలాన్ గిడ్డంగిలో
తెల్లవారుజాము నాలుగింటి షిఫ్టు లేదు.
ఆ వేళకి అటు ఏ బస్సూ పోదు.

ఇంట్లో ఎవరో ఒకరున్న పిల్లలకి
పాల ప్యాకెట్టుకి వెళ్ళొచ్చినప్పుడల్లా
ఈ గంటలు వాటంతటవే పోగుపడతాయి.
షార్నీకి ఎనిమిదేళ్ళలో ఆరు ఇళ్ళు,
ఆరు రకాల సబ్బు వాసనలు.
కారు తాళాలు మాత్రం ఎవరూ చేతికివ్వలేదు.
ఇది తను చెప్పలేదు. ఫారంలో ఉంది.
నేను చదవకుండా ఉండాల్సింది.

మొదటి రోజు
లేని బ్రేకుని తొక్కీ తొక్కీ
నా కుడి పిక్క పట్టేసింది.
"మీ కాలు కనబడుతూనే ఉంది" అంది,
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.
తీసెయ్యనా అన్నాను.
"ఉంచండి. ఎవరో ఒకరు భయపడాలిగా."

నాకు లైసెన్సు నలభై ఒకటో ఏట వచ్చింది.
పక్కన కూచున్నాయన
మలుపు మలుపుకీ ఒక అయ్యో,
గేరు గేరుకీ ఒక నీ మొహం.
ఆ సీట్లోకి నేనొచ్చాక తెలిసింది
అయ్యో ఎంత సులువుగా నోటికొస్తుందో.
నీళ్ళు లేకుండా మాత్రలు మింగినట్టు
ఒక్కొక్కటీ మింగాను.

ఒకటి మింగలేదు.
కొరాయోలో, రౌండబౌట్ దగ్గర, వానలో.
నేను అరిచిన అరుపుకి
కారు పక్కకి తీసి, ఇంజను ఆపి,
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.
ఏడవలేదు.
అలవాటైనదానిలా కూచుంది.
సారీ అన్నాను. ఎందుకో, క్షమించు అని కూడా అన్నాను.
అదేం మాటని అడిగింది.
"సారీయే. కాస్త బరువెక్కువ."
పుస్తకంలో రాసుకున్నాం:
నలభై నిమిషాలు. తడి రోడ్డు. ట్రాఫిక్ ఓ మోస్తరు.
అరిచినందుకు గడి లేదు.

చీకట్లో నడిపిన గంటలు ఇరవై ఉండాలిట.
జూన్ నెలలో చీకటి చవక,
ఐదున్నరకే బోలెడు దొరుకుతుంది.
డ్రైస్‌డేల్ దాకా, ఒకసారి పోర్టార్లింగ్టన్ దాకా,
పొలాల మీద మంచు, హెడ్‌లైట్లలో రెండు కళ్ళు,
కంగారూ, బ్రేకు. నిజం బ్రేకు, తనది.
నా కాలు ఆలస్యమైంది ఆ రోజు.
ఓ జంతిక తింటావా అంటే కసిరింది:
"నడిపేటప్పుడు తినకూడదు. రూల్సులో చదవలేదా?"

తొంభై మూడో గంటలో
నేను చెప్పకుండానే ఎడమకి తిప్పింది.
ఇటుకల ఇల్లు, టార్పాలిన్ కప్పిన పడవ.
ఎదురుగా రెండు కార్ల నడుమ ఇరుకు సందు.
అద్దం చూసింది, భుజం మీంచి చూసింది,
ఒక్క దెబ్బకి రివర్స్‌లో దూర్చేసింది.
నేను పన్నెండేళ్ళుగా ఎగ్గొడుతున్న పని అది.
లోపల ఎవరో కర్టెన్ కదిపారు.
"నాలుగో ఇల్లు" అంది.
ఇంకేమన్నా అంటుందని చూశాను.
ఇండికేటర్ వేసి బయటికి తీసింది.

మొదటిసారి పరీక్ష పోయింది,
స్టాప్ గీత దగ్గర పూర్తిగా ఆగలేదని.
నన్ను తిట్టింది, నోలీన్ని తిట్టింది,
రెండు వారాలు ఫోనెత్తలేదు.
రెండోసారి పాసైన సంగతి
ఎర్ర పి పలక ఫొటోగా వచ్చింది. కింద ఒక్క మాట లేదు.

మంగళవారాలు ఇప్పుడు ఇంకో అమ్మాయివి.
సీటు వెనక్కి జరుపుకుంటుంది, రేడియో పెట్టమంటుంది.

కానీ తెల్లవారకముందే ఎప్పుడో
ఫ్రీవే వైపు నుంచి టైర్ల చప్పుడు,
రేకుల మీద వాన.
టైం చూడకుండానే తెలుస్తుంది.
దుప్పట్లో నా కుడికాలు
మెల్లగా, ఊరికే,
దేన్నో నొక్కుతుంది.